భీమిలిలో స్థలం కొనే ముందు అనుమతి సంగతి: ఎక్కడ తేలిక, ఎక్కడ కష్టం

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో ఎటు చూసినా ప్లాట్ల బోర్డులే. కొనడానికి వచ్చినవాళ్లు గజం ధర అడుగుతారు, వాస్తు అడుగుతారు, భోగాపురం విమానాశ్రయం ఎంత దూరమో అడుగుతారు. పున్నమి పోటుకు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, అక్కణ్నుంచి ఈ స్థలం ఎన్ని మీటర్లు అని అడిగేవాళ్లు అరుదు. సముద్రం ఒడ్డున ఇల్లు లేస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. డబ్బు చేతిలో ఉండి, ఇంకా అడ్వాన్సు ఇవ్వనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇచ్చేశాక ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

భీమిలిని తీసుకోవడానికి కారణం ఉంది. తీరప్రాంత నిబంధనల్లోని రకాలు దాదాపు అన్నీ ఈ చుట్టుపక్కలే కనిపిస్తాయి. 1861లో మున్సిపాలిటీ అయిన పాత పట్నం, దాన్ని ఆనుకుని మత్స్యకారుల పేటలు, గోస్తనీ సముద్రంలో కలిసే మొగ, విశాఖ వైపు ఎర్రమట్టి దిబ్బలు, వెనకవైపు కొత్త లేఅవుట్లు. ఊరు ఇప్పుడు జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. మీ స్థలం కాకినాడలోనో, బాపట్లలోనో, మచిలీపట్నంలోనో ఉంటే ఆఫీసుల పేర్లు మారతాయి, లెక్క మాత్రం ఇదే.

ముందు గీత ఎక్కడుందో తేలాలి

తీర నియంత్రణ మండలం అంటే ఎవరికీ వెంటనే తట్టదు, సీఆర్‌జెడ్ అంటేనే తెలుస్తుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 1991 ఫిబ్రవరి 19న మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. 2011లో ఒకటి, 2019లో మరొకటి వచ్చాయి. అమావాస్య, పున్నమి పెద్ద పోటుకు నీళ్లు నేల మీదకి ఎంతవరకు వస్తాయో ఆ గీతను హై టైడ్ లైన్ అంటారు. సముద్ర తీరంలో అక్కణ్నుంచి నేలవైపు 500 మీటర్ల వరకు ఈ నిబంధనలు వర్తిస్తాయి.

ఇక్కడే చాలామంది ఫోన్ తీసి, మ్యాపులో ఒడ్డు నుంచి ప్లాటు దాకా గీత లాగి, 520 మీటర్లు వచ్చిందని నిశ్చింతగా ఉంటారు. ఉపగ్రహ చిత్రంలో కనిపించే ఒడ్డు, ఆ ఫొటో తీసిన నిమిషంలో నీళ్లున్న చోటు మాత్రమే. అది పాటు సమయం అయ్యుంటే అసలు గీత అక్కణ్నుంచి ఎన్నో మీటర్లు ఇవతల ఉంటుంది. లెక్కలోకి వచ్చేది కేంద్రం గుర్తించిన సంస్థలు గీసిన గీత ఒక్కటే. చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం, అన్నా యూనివర్సిటీలోని రిమోట్ సెన్సింగ్ సంస్థ అలాంటివి. వాటి కొలతల మీద తయారైన తీర మండల నిర్వహణ ప్రణాళిక పటంలో మీ సర్వే నంబరు ఎక్కడ పడిందో చూడాలి.

పటం చూసేటప్పుడు తేదీ కూడా చూడండి. 2019 నోటిఫికేషన్ కొన్ని సడలింపులు ఇచ్చింది. కానీ దాని ప్రకారం సవరించిన పటానికి ఆమోదం వచ్చేదాకా పాత పటం, 2011 నిబంధనలే నడుస్తాయని అదే నోటిఫికేషన్‌లో ఉంది. బ్రోకర్లు సడలింపులు చెబుతారు, ఈ షరతు చెప్పరు. మీ సర్వే నంబరుకు ఏ పటం వర్తిస్తుందో రాష్ట్ర తీర మండల నిర్వహణ అథారిటీని గానీ, జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగాన్ని గానీ రాతపూర్వకంగా అడగండి. నోటిమాట చెల్లదు.

సీఆర్‌జెడ్ హద్దు లోపల స్థలాలు మళ్లీ నాలుగు రకాలు. మడ అడవులు, ఇసుక తిన్నెలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, ఆటుపోట్ల మధ్య ఉండే నేల మొదటి రకం. ఇళ్ల స్థలాల బేరంలో దీని ఊసే రాకూడదు. ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం కాబట్టి ఆ అంచున ఎంత చవగ్గా ఇస్తామన్నా వెళ్లకండి. నాలుగో రకం నీళ్లే. మనం ఎంచుకోవాల్సింది రెండు, మూడు రకాల మధ్య. లేదంటే సీఆర్‌జెడ్ హద్దు అవతలికి వెళ్లిపోవాలి.

పాత ఊళ్లో, రోడ్డుకు ఇవతల

మున్సిపల్ పరిధిలో ఉండి, సగానికి పైగా ప్లాట్లలో ఇళ్లు లేచి, రోడ్లు, మంచినీళ్లు, డ్రైనేజీ ఉన్న ప్రాంతం రెండో రకం. భీమిలి పాత పట్నంలాంటి చోట్లు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ కట్టడం నిషేధం కాదు. కాకపోతే, ఎప్పటినుంచో ఉన్న రోడ్డుకు నేలవైపు ఉండాలి, లేదా అనుమతితో కట్టిన పాత ఇళ్ల వరుసకు నేలవైపు ఉండాలి.

రోడ్డు మీద సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. మీకు ఎదురుగా కనిపించేవి మామూలు మున్సిపల్ నిబంధనలతో కట్టుకోగల స్థలాలు. మీ వెనక ఉన్నవి, అంటే రోడ్డుకీ ఇసుకకీ మధ్య ఉన్నవి, ధర ఎంత ఆకర్షణగా ఉన్నా వదిలేయాల్సినవి. కొన్నిచోట్ల ఇసుక వైపు కొత్తగా గ్రావెల్ రోడ్డు వేసి, "చూడండి, మన ప్లాటు రోడ్డుకు ఇవతలే కదా" అంటారు. పాత రోడ్డుకు సముద్రం వైపు కొత్తగా వేసిన రోడ్డు లెక్కలోకి రాదని 2011 నోటిఫికేషన్ తేటతెల్లంగా చెప్పింది. 2024లో భీమిలి తీరంలో ఇసుకలో లేపిన కాంక్రీటు గోడలను హైకోర్టు ఆదేశాలతో జీవీఎంసీ కూల్చింది. ఆ గోడలు కట్టినవాళ్లు పలుకుబడి లేనివాళ్లేం కాదు.

2011 నిబంధనల్లో ఇంకో చిక్కుంది. ఈ ప్రాంతంలో ఎంత విస్తీర్ణం కట్టొచ్చన్నది 1991 నాటి టౌన్ ప్లానింగ్ లెక్కల దగ్గరే ఆపేశారు. 2019 నోటిఫికేషన్ ఆ బిగింపును తీసేసి, ఆ నోటిఫికేషన్ నాటికి అమల్లో ఉన్న స్థానిక నిబంధనలకు వదిలింది. మీ చోట ఏ పటం నడుస్తుందన్న ప్రశ్న మళ్లీ ఇక్కడ ముఖ్యమవుతుంది. ఒకే ప్లాటులో రెండంతస్తులా నాలుగంతస్తులా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

బీచ్ రోడ్డు పక్కనే అయితే మాస్టర్ ప్లానులో రోడ్డు వెడల్పు ఎంత చూపించారో చూసుకోండి. విస్తరణలో పోయే భాగాన్ని ప్లాను ఇచ్చేటప్పుడే మున్సిపాలిటీకి రాసివ్వమంటారు. బదులుగా టీడీఆర్ బాండో (అదనంగా కట్టుకునే హక్కు పత్రం), సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో) సడలింపో ఇస్తారు. అయినా 200 గజాల ప్లాటు 150 గజాలైపోతే మీరు అనుకున్న ఇల్లు అందులో పట్టదు.

పల్లెల్లో, సరుగుడు తోటల పక్కన

భీమిలి దాటి భోగాపురం వైపు వెళ్తే ముక్కాం, చేపలకంచేరు లాంటి మత్స్యకార గ్రామాలు, మధ్యలో సరుగుడు తోటలు. ఇక్కడ ధర తక్కువ, సముద్రం దగ్గర. మోసపోవడం కూడా ఇక్కడే ఎక్కువ.

గ్రామీణ తీరం మూడో రకం. 2011 ప్రకారం గీత నుంచి 200 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతం. 2019 దీన్ని రెండుగా విడగొట్టింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామాల్లో నిషేధం 50 మీటర్లకు తగ్గుతుంది. అంతకంటే తక్కువ జనం ఉన్నచోట 200 మీటర్లే. "ఇప్పుడు 50 మీటర్లే సార్" అని ఎవరైనా అంటే, ఈ గ్రామం జనసాంద్రత ఎంత అని అడగండి. తోటలు, ఖాళీ భూములు ఎక్కువ ఉన్న పల్లెల్లో అంత సాంద్రత ఉండటం కష్టం.

సరే, నిషేధ ప్రాంతం దాటాం, 200 నుంచి 500 మీటర్ల మధ్య ఉన్నాం, ఇంక కట్టుకోవచ్చా? ఆ భాగంలో ఇళ్లకు అనుమతి ఉన్నది సంప్రదాయ హక్కులు, వాడుకల పరిధిలోనే. అంటే తరతరాలుగా ఉన్న పల్లెల్లో, అక్కడివాళ్ల ఇళ్లకు. అదీ 9 మీటర్ల ఎత్తు, కింద ఒకటి పైన ఒకటి, మొత్తం రెండంతస్తులు దాటకూడదు. బయటినుంచి వచ్చి తోట కొని, ముక్కలు చేసి, విల్లాలు వేద్దామనుకునేవాళ్ల కోసం రాసిన వెసులుబాటు కాదది.

నా సలహా సూటిగా చెబుతాను. మీరు ఆ ఊరివాళ్లు కాకపోతే ఈ రకం స్థలం ఇంటి కోసం కొనకండి. సెలవుల్లో వచ్చి ఉండే ఫామ్‌హౌస్ అన్న పేరుతో కూడా వద్దు.

ఆ ఊరివాళ్లయితే సంగతి పూర్తిగా వేరు. మీ తాతల నాటి ఇల్లు శిథిలమైతే అదే పునాది కొలతల్లో, అంతే విస్తీర్ణంలో తిరిగి కట్టుకునే హక్కు నిషేధ ప్రాంతంలో కూడా ఉంది, ఆ ఇల్లు అధికారికంగా గుర్తింపు పొందినదైతే. మత్స్యకార కుటుంబాలకు 200 మీటర్ల నిషేధ ప్రాంతంలో 100 నుంచి 200 మీటర్ల మధ్య ఇళ్లు ఇవ్వడానికి నోటిఫికేషన్‌లోనే చోటు ఉంది. 2019 నోటిఫికేషన్, ఉన్న ఇంటి రూపం, కొలత మార్చకుండా హోమ్‌స్టేగా నడుపుకోవడానికి కూడా ఒప్పుకుంది. పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డులో పాత చిరునామా, ఏవీ పారేయకండి. ఇల్లు 1991కి ముందుదని చూపించే ఒక్క రసీదు చాలా పని చేస్తుంది. పెద్ద ధర చెప్పి ఎవరైనా కొనడానికి వస్తే, వాళ్లు కట్టలేని చోట మీరు కట్టగలరన్న సంగతి గుర్తుపెట్టుకుని బేరం ఆడండి.

గోస్తనీ వైపు

సముద్రానికి కిలోమీటరు పైన ఉన్నాం, మనకేం సంబంధం అనుకునేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. పోటు నీరు ఎక్కే నదులు, కాలువలు, ఉప్పుటేర్లు కూడా తీర నియంత్రణ మండలంలోకే వస్తాయి. 2011 ప్రకారం గట్టు నుంచి 100 మీటర్లు లేదా ఆ ఏరు వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అది. 2019 ప్రకారం 100కు బదులు 50. పోటు ప్రభావం ఎందాకా ఉన్నట్టు లెక్క? ఎండలు ముదిరి నీళ్లు బాగా తగ్గిన కాలంలో నీటిలో ఉప్పు వెయ్యికి అయిదు వంతులు ఉన్నంత దూరం.

మే నెలలో, పోటు సమయం కనుక్కుని, ఆ స్థలం దగ్గరికి వెళ్లండి. మొగ వైపు నుంచి నీళ్లు వెనక్కి, ఎగువకి నడుస్తుంటే కంటికే తెలుస్తుంది. పక్క ప్రహరీ గోడ అడుగు ఇటుకలు చూడండి. తెల్లటి ఉప్పు పొరలు పొరలుగా రాలుతుంటే, గట్టు మీద మడ మొక్కలు కనిపిస్తుంటే, పక్కింటి బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలితే, పటం చూడకుండా ఒక్క అడుగు కూడా ముందుకేయకండి. వానాకాలంలో అదే చోట తియ్యటి నీళ్లు, పచ్చటి గట్టు, బాతులు. ప్లాట్లు అమ్మేవాళ్లు జనాన్ని తీసుకొచ్చేది ఎక్కువగా ఆ రోజుల్లోనే.

ఏరు పక్క ప్లాటు పెద్దదైతే ఒక దారి ఉంటుంది. స్థలంలో కొంత సీఆర్‌జెడ్ హద్దు లోపల, కొంత బయట పడినప్పుడు, కట్టడం మొత్తం బయటి భాగంలో వచ్చేలా ప్లాను గీయించి, లోపలి భాగాన్ని చెట్లకు వదిలేయొచ్చు. అరెకరం ఉన్నవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. 180 గజాల ప్లాటుకు కుదరదు.

సీఆర్‌జెడ్ అవతల, ఆమోదం ఉన్న లేఅవుట్

సముద్రం కనపడదు, గాలి మాత్రం వస్తుంది. మామూలు కుటుంబానికి నేను ముందు చెప్పేది ఇదే. సీఆర్‌జెడ్ అవతల, వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్‌లో ప్లాటయితే అనుమతి పని చాలా తేలిక. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదు, లేఅవుట్ కాపీ ఉంటే ఎల్‌టీపీ, అంటే లైసెన్స్ ఉన్న సాంకేతిక నిపుణుడు, ప్లాను గీసి ఆన్‌లైన్ పోర్టల్‌లో పెడతారు. 2025లో వచ్చిన స్వీయ ధ్రువీకరణ పథకంతో, మరీ ఎత్తైనవి కాని నివాస భవనాలకు ఆ నిపుణుల ధ్రువీకరణ మీదే అనుమతి వచ్చే వీలు కలిగింది. ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ తగ్గింది, మంచి మార్పే.

అయితే బాధ్యత కూడా అటునుంచి ఇటు మారింది. ఎల్‌టీపీ తప్పు ధ్రువీకరిస్తే ఆయన లైసెన్స్ పోతుంది, మీ ఇల్లు పోతుంది. తప్పుడు వివరాలతో తెచ్చిన అనుమతిని ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. కాబట్టి ఎల్‌టీపీని ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు అడగాల్సింది, "ఈ సర్వే నంబరు సీఆర్‌జెడ్ పటంలో ఎక్కడుందో మీరు చూశారా, ఆ పటం ప్రింటు నాకు ఇస్తారా?" అని. ఇస్తానన్నవాళ్లకు వెయ్యి ఎక్కువైనా ఇవ్వండి. "అవన్నీ నేను చూసుకుంటానండి, మీరు సంతకం పెట్టండి చాలు" అన్నవాళ్ల దగ్గర పెట్టకండి.

ఇక్కడ కూడా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. భీమిలి మండలంలో డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు ఎక్కువ. అవి చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో ముందే వెతకండి. ఎత్తు కట్టాలనుకుంటే విశాఖ నౌకాదళ వైమానిక స్థావరం, భోగాపురం విమానాశ్రయం వల్ల ఎత్తు పరిమితి ఉంటుంది. భీమిలి దగ్గరి నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ కళింగకు దగ్గరైతే రక్షణ శాఖ అభ్యంతరం లేదన్న పత్రం కావాలేమో అడగాలి. రోడ్డు వెడల్పును బట్టే ఎన్ని అంతస్తులన్నది ఉంటుంది కాబట్టి, కాగితం మీద 40 అడుగులన్న రోడ్డును టేపు పెట్టి కొలవండి.

అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు చవగ్గా వస్తే? క్రమబద్ధీకరణ రుసుములు, ఖాళీ స్థలం వదలనందుకు కట్టాల్సిన ఛార్జీలు కలిపి లెక్క వేయండి. చాలాసార్లు ఆ చవక మాయమైపోతుంది.

పాత ఇల్లు కొనడం

దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు గానీ, సముద్రం కనపడేలా ఉండాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లకు నాకు నచ్చిన దారి ఇది. పాత పట్నంలో పెంకుటిళ్లు, పాత డాబాలు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. అనుమతితో కట్టిన ఇల్లయితే అదే విస్తీర్ణంలో, అదే వాడుకకు మరమ్మతు చేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. మీరు కొంటున్నది గోడల్ని కాదు, ఆ చోట కట్టుకునే హక్కుని. అందుకే ఇంటి కంటే ఇంటి కాగితం ముఖ్యం. పాత మున్సిపల్ ప్లాను కాపీ, అది దొరక్కపోతే 1991కి ముందు నుంచి పన్ను కట్టిన ఆధారం. ఇవి లేని పాత ఇంటికి నేను ఖాళీ స్థలం ధర కూడా పెట్టను.

దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఉంటే మాత్రం మరో చట్టం అడ్డొస్తుంది. దాని హద్దు నుంచి 100 మీటర్లు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు ప్రత్యేక అనుమతి ఉండాలి.

ఏ దారిలో అనుమతి తెచ్చుకోవాలి

సీఆర్‌జెడ్ అవతల అయితే దారి ఒక్కటే, పైన చెప్పిన ఆన్‌లైన్ దారి. సీఆర్‌జెడ్ లోపల మూడు దారులు.

సొంతానికి కట్టుకునే ఇల్లు, అన్ని అంతస్తులూ కలిపి 300 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 3,200 చదరపు అడుగుల లోపు అయితే, 2019 నోటిఫికేషన్ ప్రకారం స్థానిక సంస్థే సీఆర్‌జెడ్ కోణంలో పరిశీలించి అనుమతి ఇవ్వొచ్చు. తీర మండల అథారిటీ సిఫారసు అక్కర్లేదు. ఇది చాలా పెద్ద ఊరట. మీ అవసరం 3,300 అడుగులైతే 100 అడుగులు తగ్గించుకుని ఈ దారిలో రండి. ఆ వంద అడుగుల గది కోసం నెలల తరబడి తిరగడం దండగ. కానీ స్థానిక సంస్థ "పరిశీలించింది" అన్నది ఫైల్లో కనపడాలి. అనుమతి పత్రంలో సీఆర్‌జెడ్ ఏ రకమో, ఏ షరతులో రాసి ఉండేలా చూసుకోండి.

అంతకు మించితే, లేదా అమ్మడానికి, అద్దెకి, వ్యాపారానికి అయితే రాష్ట్ర తీర మండల నిర్వహణ అథారిటీకి వెళ్లాలి. దరఖాస్తు ఫారం, గుర్తింపు పొందిన సంస్థ 1:4000 స్కేలులో గీసిన పటం మీద మీ ప్లాను, చుట్టూ 7 కిలోమీటర్ల పటం, కాలుష్య నియంత్రణ మండలి పత్రం, మురుగు నీటి ఏర్పాటు వివరాలు. అన్నీ సరిగ్గా ఉన్న దరఖాస్తుకు అథారిటీ 60 రోజుల్లో సిఫారసు చేయాలని నిబంధన. ఆ 60 రోజులు మొదలయ్యేది దరఖాస్తు సంపూర్ణంగా ఉన్నప్పటి నుంచి. పటం గీయించడానికే సమయం, డబ్బు రెండూ పడతాయి. బ్యాంకు రుణం మంజూరు తేదీ దీన్ని దృష్టిలో పెట్టుకుని చూసుకోండి.

20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కూడా కావాలి. అది బిల్డర్ల సంగతి.

రిసార్టు ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. గ్రామీణ తీరంలో రిసార్టుకు కనీసం 0.4 హెక్టార్లు, అంటే దాదాపు ఎకరం స్థలం ఉండాలి. అన్ని అంతస్తులూ కలిపి స్థలంలో 33 శాతానికి మించి కట్టకూడదు. ఎత్తు 9 మీటర్లు, రెండంతస్తులు. రెండు రిసార్టుల మధ్య జనం బీచ్‌కి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల దారి వదలాలి. ఇసుక తిన్నెలు చదును చేయకూడదు. గీత నుంచి 200 మీటర్ల లోపల బోరు వేయకూడదు. ఈ లెక్కలు వేసుకున్నాక కూడా గిట్టుబాటు అయితేనే స్థలం చూడండి.

ముందు కట్టేసి తర్వాత బీపీఎస్‌లో (జరిమానా కట్టించుకుని కట్టడాన్ని క్రమబద్ధం చేసే పథకం) క్రమబద్ధం చేయించుకుందామన్న మాట మన ఊళ్లలో బాగా వినపడుతుంది. రాష్ట్రం తెచ్చే ఆ పథకాలు సెట్‌బ్యాక్ తగ్గిందనో, ఒక అంతస్తు ఎక్కువైందనో ఉన్న ఉల్లంఘనల కోసం. కేంద్ర చట్టం కింద వచ్చిన నిషేధాన్ని అవి తుడిచేయలేవు.

ఫ్లాటు కొనేవాళ్లకు

ప్లాటు వద్దు, తీరంలో ఫ్లాటు కొంటానంటే కొచ్చి దగ్గర మరడులో జరిగింది తెలుసుకోవాలి. వేంబనాడ్ సరస్సు నీళ్లకు ఆనుకుని నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలు లేచాయి. అప్పటి మరడు పంచాయతీ అనుమతి ఉంది, జనం డబ్బు కట్టి కొనుక్కున్నారు, ఏళ్ల తరబడి కాపురాలున్నారు. తీర మండల అథారిటీ అనుమతి మాత్రం లేదు. సుప్రీంకోర్టు 2019 మే 8న కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగింటినీ పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. కొన్నవాళ్లకు మధ్యంతర పరిహారం కింద దక్కింది ఫ్లాటుకు 25 లక్షలు. స్థానిక సంస్థ అనుమతి ఒక్కటే చూసి నమ్మితే ఎక్కడిదాకా వెళ్లొచ్చో అంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకే బిల్డర్‌ని అడగాల్సినవి: సీఆర్‌జెడ్ అనుమతి ప్రతి, లేదా వర్తించదని అధికారికంగా ఇచ్చిన పత్రం, ఆ పటం. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు గానీ రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు కావాల్సిందే. ఏపీ రెరా సైట్లో అప్‌లోడ్ చేసిన పత్రాల్లో ఇవి ఉన్నాయో లేదో కొనేముందే చూడొచ్చు. గృహప్రవేశానికి ముందు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. కొంత పరిమాణం దాటిన భవనాల్లో 10 శాతం విస్తీర్ణం అధికారుల దగ్గర తనఖాలో ఉంటుంది, మీరు కొంటున్న ఫ్లాటు ఆ తనఖాలో ఉన్నదేమో కూడా చూసుకోండి.

అనుమతితో సంబంధం లేకపోయినా ఒక విషయం చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడ్డ రోజు ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. ప్లాను గీయించేటప్పుడే స్ట్రక్చరల్ ఇంజనీరుతో తీరప్రాంత గాలి వేగానికి డిజైన్ చేయించండి. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, ఇనుముకు కవరు (పైనుండే కాంక్రీటు పొర) 45 మిల్లీమీటర్లు. ఊళ్లో మేస్త్రీలు అలవాటుగా వేసే ఎం20, అంగుళం కవరు ఉప్పు గాలికి ఎన్నాళ్లో నిలవవు. స్లాబు కింద పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడ్డ డాబాలు భీమిలి వీధుల్లో మీకే కనిపిస్తాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు

చివరికి ఏది ఎంచుకున్నా, అగ్రిమెంటులో ఈ అర్థం వచ్చే వాక్యం ఒకటి రాయించండి: "ఈ స్థలం సీఆర్‌జెడ్ పటంలో ఫలానా రకంలో ఉందని, లేదా దానికి బయట ఉందని అమ్మేవారు హామీ ఇస్తున్నారు. సీఆర్‌జెడ్ కారణంగా కొనేవారికి ఇంటి అనుమతి నిరాకరిస్తే అడ్వాన్సు మొత్తం 30 రోజుల్లో తిరిగి ఇస్తారు." రిజిస్ట్రేషన్ గడువు కనీసం మూడు నెలలు పెట్టించుకుని, ఆ లోపు ఎల్‌టీపీతో పటం తీయించి, టౌన్ ప్లానింగ్ నుంచి రాతపూర్వక జవాబు తెచ్చుకోండి. "పక్కన అయిదంతస్తులు లేచాయి కదండీ, వాళ్లకి లేని అడ్డం మీకేంటి" అన్న జవాబు వస్తే, ఆ పక్క భవనం అనుమతి పత్రం చూపించమనండి. చూపించలేకపోయినా, ఆ వాక్యం రాయడానికి ఒప్పుకోకపోయినా, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి. బీచ్ రోడ్డు పొడవునా ఇంకా బోర్డులు చాలా ఉన్నాయి.